అత్తయ్యను తిట్టని రోజులు

మంగళవారం

ఆవిడ ఇవాళ కూడా తడి టవలు నా కుర్చీ మీదే వేసింది. ఇంట్లో నాలుగు కుర్చీలున్నాయి, మూడు ఖాళీగా ఉన్నాయి. పొద్దున్నే డ్యూటీకి వెళ్లే ముందు నేను కూర్చుని బూట్లు వేసుకునేది ఆ ఒక్క కుర్చీలోనే అని ఆవిడకు తెలుసు. తెలిసే వేస్తుంది.

"అత్తయ్యా, ఈ మహారాజు టవలుకు ఇంట్లో ఇంకెక్కడా చోటు దొరకలేదా?" అన్నాను.

"నీ కుర్చీ ఎప్పుడూ ఖాళీయేగా. ఇంటి పట్టున ఉంటే కదా నువ్వు కూర్చునేది" అంది.

నేను ఒకటన్నాను, ఆవిడ రెండంది. ఈయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పే ఉద్యోగం కదా, అత్తాకోడళ్లం మొదలుపెట్టగానే ఈయన కుడికాలు నేల మీద లేని బ్రేకు తొక్కుతుంది. పెళ్లైనప్పటి నుంచీ తొక్కుతూనే ఉన్నారు. మా బండి ఎప్పుడూ ఆగలేదు.

నిజానికి గొడవ టవలు గురించి కాదు, స్కాను గురించి. ఆవిడ తమ్ముడు, అంటే ఈయన మేనమామ, పోయిన నెలలో చెప్పుల షాపుకెళ్లి కొత్త జత కాలికి తొడిగి చూసుకుంటూ "తల పగిలిపోతోంది" అని అక్కడే కూలబడ్డాడు. ఆసుపత్రికి చేర్చేలోపే అయిపోయింది. మెదడులో రక్తనాళం గోడ ఒకచోట పలచబడి, బుడగలా ఉబ్బి, పగిలిందన్నారు. అన్యూరిజం అంటారు దాన్ని. ఆ అక్కాతమ్ముళ్ల అమ్మ కూడా అలాగే తల పట్టుకుని పోయిందట. అప్పట్లో దానికి పేరు కూడా తెలియదు. ఒకే రక్తంలో ఇద్దరు అలా పోతే మిగిలినవాళ్లు చూపించుకోవాలి. ఇది నా సొంత కవిత్వం కాదు, స్కాన్లు చదివే డాక్టరు, మా రేడియాలజిస్టు మేడమ్ చెప్పిన మాట. నేను సీటీ స్కాన్ టెక్నీషియన్ని. రోజూ ఊళ్లోవాళ్ల తలలన్నీ ఆ రింగులోకి పంపి ఫొటోలు తీస్తాను. మా ఇంట్లో తల మాత్రం రానంటుంది.

"నా తలలో ఏముందో నాకు తెలుసు" అంది ఆవిడ.

"ఏమీ లేదని నాకూ తెలుసు. ఆ ముక్క డాక్టరు కాగితం మీద రాసిస్తే గోడకు తగిలించుకుంటాను" అన్నాను.

ఈయన బ్రేకు గట్టిగా తొక్కారు. ఆవిడ నవ్వేసింది. తమ్ముడు పోయాక ఆవిడ అలా నవ్వడం నేను చూడలేదు. "సరే, తీసుకెళ్లు. నీ నోరు మూయించడానికైనా వస్తాను" అంది.

గురువారం, మధ్యాహ్నం

బట్టలు మార్చుకునే గదిలో కూర్చుని రాస్తున్నాను. టీ చల్లారిపోయింది.

ఆవిడ స్కాను అయింది. నాతోపాటు డ్యూటీ చేసే ఆయన్ని మా సెక్షన్లో అందరం "నిదానం గారు" అంటాం. ఆయన పద్ధతిగా మెషీన్ దగ్గర అన్నీ సర్దిపెట్టి, సూది తను పెడతానన్నారు. "నీ చెయ్యి నా మీద వెయ్యకు నాయనా, మా కోడలుందిగా, గుచ్చడం దానికి అలవాటే" అంది ఆవిడ. నిదానం గారు నవ్వాలో వద్దో ఆలోచించి, కాసేపటికి నవ్వారు.

పిన్నులు తీయించాను. చెవి కమ్మలు తీయించాను. "అవి కూడా తీయాలి అత్తయ్యా" అన్నాను.

"ఏవి?"

"పళ్లు."

ఆవిడ నావైపు చూసిన చూపుకు ఇంకొకరైతే ఉద్యోగం మానేసేవారు. నేను కాపురానికి వచ్చాక ఒక్కసారి కూడా ఆవిడను పళ్ల సెట్టు లేకుండా చూడలేదు. గది తలుపు గడియ పెట్టుకుని కడుక్కునే మనిషి. ముందు నిదానం గారిని బయటికి పంపించమంది. తర్వాత నన్ను అటు తిరగమంది. తిరిగాను. నా అరచేతిలో పళ్ల డబ్బా పెట్టింది. ఇటు తిరిగి చూస్తే బుగ్గలు లోపలికి పోయి, ఎవరో చిన్న ముసలావిడ బల్ల మీద కూర్చుని కాళ్లు ఊపుతోంది. సూది సర్దే పనిలో పడిపోయాను.

ఆవిడ జీవితమంతా బట్టలు కుట్టింది. ఇప్పటికీ చుట్టుపక్కలవాళ్లవి కుడుతుంది. "సూదంటే నాకు భయమేంటే" అంది పెద్ద గొప్పగా. నేను గుచ్చేటప్పుడు మాత్రం కళ్లు గట్టిగా మూసుకుంది.

రోజూ అందరికీ చెప్పేవే చెప్పాను. రక్తనాళాలు కనపడటానికి డై ఎక్కిస్తాం, అది లోపలికి వెళ్తుంటే ఒళ్లంతా వేడెక్కుతుంది, పక్క తడిపేసుకున్నట్టు కూడా అనిపిస్తుంది, ఏమీ అవ్వదు, తల మాత్రం కదపొద్దు అని. ఇవతలికి వచ్చి అద్దం వెనక కూర్చున్నాను. మైకులో "మొదలుపెడుతున్నాం అత్తయ్యా" అన్నాను. "కానీ" అంది.

ఫొటోలు వచ్చాయి. ఎడమ పక్క, మెదడు అడుగున, పెద్ద నాళంలోంచి సన్నది చీలేచోట చిన్న ఉబ్బు. పైకి జరిపి చూశాను, ఉంది. కిందికి జరిపి చూశాను, ఉంది. ఇంకొంచెంసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. తర్వాత స్క్రీను మూసేశాను.

కొత్తగా చేరినవాళ్లకు నేను మొట్టమొదట నేర్పేది మొహం. పేషెంటు మన మొహంలో రిపోర్టు చదువుకుంటాడు, అందుకని మొహాన్ని గోడలా పెట్టుకోవాలి. చూసినదాన్ని చెప్పే హక్కు మనకు లేదు, అది డాక్టరు చదివి చెప్పాలి. లోపలికి వెళ్లి సూది తీశాను.

"ఏముందే?"

"డాక్టరుగారు చూసి చెబుతారు."

"నీకేం కనపళ్లేదా?"

"మేం ఫొటోలు తీస్తామంతే అత్తయ్యా."

నా మొహం గోడలాగే ఉంది. ఆ సంగతి నాకు తెలుసు.

మేడమ్ సెలవులో ఉంది, సోమవారం వస్తుంది. అర్జెంటు కేసైతే ఫోన్ చేసి ఇంటి దగ్గర నుంచే చూడమనొచ్చు. ఇది అర్జెంటేం కాదు. మనిషికి నొప్పి లేదు, ఏమీ లేదు. నా ఇంటి మనిషి కదా అని ఫైలు ముందుకు తోయడం నాకు చేతకాదు. ఇన్నేళ్ల సర్వీసులో అలాంటి పని చేయలేదు. వరుసలో వచ్చినప్పుడే చూస్తుంది.

గురువారం, సాయంత్రం

ఆ ఉబ్బు గురించి ఇక రాయను.

శుక్రవారం

టవలు నా కుర్చీ మీదే ఉంది. తీసి తీగ మీద ఆరేశాను. ఇందులో విశేషమేమీ లేదు, తడి టవలు ఎవరైనా ఆరేస్తారు.

నీళ్ల బకెట్టు ఆవిడ ఎత్తబోతుంటే నేనే అందుకున్నాను. ముందు గది కిటికీ ఆవిడకు మూసి ఉండాలి, నాకు తెరిచి ఉండాలి. ఇవాళ మూసే ఉంచాను, ఎలాగూ బయట దుమ్ము. వచ్చేటప్పుడు అరటిపళ్లు కొన్నాను. ముక్కడం, గట్టిగా దగ్గడం, కోపం తెచ్చుకోవడం, ఏదీ మంచిది కాదు. వయసొచ్చినవాళ్లకు ఎవరికైనా మంచిది కాదు.

భోజనాల దగ్గర "బీన్స్ కూరలో ఉప్పు లేదు" అంది.

"అయ్యో, ఉండండి అత్తయ్యా, తెస్తాను" అన్నాను.

ఈయన చెంచా గాల్లోనే ఆగిపోయింది. కాలు మాత్రం అలవాటు కొద్దీ బ్రేకు తొక్కేసింది. అవతల ఆపాల్సిన బండేదీ లేదు.

తర్వాత వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించి "నీకు వంట్లో బాగాలేదా?" అని అడిగారు.

"బాగానే ఉందే. ఏం?"

"అమ్మ నీ వంటకు వంక పెడితే నువ్వు..."

"మనిషన్నాక కాస్త మారకూడదా?"

తల గోక్కుంటూ వెళ్లిపోయారు. ఈయనకు చెప్పలేదు. చెప్పడానికేముంది, రిపోర్టే రాలేదు. చెబితే ఈయన మొహం గోడలా ఉండదు. రోడ్డు మీద పరాయివాళ్ల చేతికి స్టీరింగిచ్చి పక్కన కూర్చునే మనిషి, ఆయన బుర్ర స్థిమితంగా ఉండాలి.

శనివారం

టవలు ఆరేశాను. ఏమీ అనలేదు.

నేనేం భయపడటం లేదు. భయపడే రకం కాదు నేను.

ఆదివారం

పొద్దున్నుంచీ ఆవిడ వరస వేరుగా ఉంది. టీవీ సౌండు పక్క వీధికి వినపడేలా పెట్టింది. నేను ఏమీ అనకపోయేసరికి ఇంకాస్త పెంచింది. తుడిచిన నేల మీద చెప్పులతో నడిచింది. ఒకసారి కాదు, గుమ్మం దాకా వెళ్లి, నేను చూస్తున్నానో లేదో చూసి, మళ్లీ వచ్చింది. నేను తడిగుడ్డ తీసుకుని మళ్లీ తుడిచాను.

నేను అలా వంగి ఉండగానే అంది. "నేల తుడవడం కూడా చేతకాదు. మీ అమ్మ నీకు ఏం నేర్పి పంపిందో."

మా అమ్మ మాట. మా ఇంట్లో అన్ని యుద్ధాలూ అక్కడే మొదలవుతాయి. పెళ్లైన కొత్తలో ఈ మాటకే పెట్టె సర్దుకుని బస్టాండు దాకా వెళ్లాను. నా నోట్లోకి ఏదో రాబోయింది కూడా. ఆవిడ కణత దగ్గర నరం కొట్టుకుంటూ కనిపించింది. అది బయటి నరం, దానికీ లోపలిదానికీ సంబంధం లేదు, నాకు తెలుసు. అయినా నోరు కుట్టేసినట్టు అయిపోయింది.

"నిజమే అత్తయ్యా. మా అమ్మ అంత పద్ధతిగా నేర్పలేదు" అన్నాను.

టీవీ ఆపేసింది. గదిలోకి వెళ్లి కుట్టుమిషను ముందు కూర్చుంది. మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే రాలేదు. మిషను చప్పుడు ఆగకుండా వస్తూనే ఉంది. సాయంత్రం టీ పట్టుకెళ్లేసరికి మంచం మీద మడతపెట్టిన బట్టలు దొంతర్లుగా ఉన్నాయి. ఎదురింటివాళ్ల పరదాలు, కింది వాటాలో ఉండే పిల్లల యూనిఫారాలు, అన్నీ ఒక్క పూటలో కుట్టేసింది. ఒళ్లో ఎవరిదో కోటు మాత్రం మిగిలింది.

"ఇంత తొందరేం వచ్చింది అత్తయ్యా?"

"ఒప్పుకున్నవి మిగిలిపోకూడదు. ఇలా కూర్చో."

కూర్చున్నాను. గుండీకి దారం చుట్టి, పళ్లతో తెంపి, నావైపు చూడకుండానే అడిగింది.

"ఎన్నాళ్లే?"

"ఏంటి ఎన్నాళ్లు?"

"నాకు ఎన్నాళ్లని అడుగుతున్నాను."

"ఎవరన్నారు మీకు?"

"నువ్వే. గురువారం నుంచి చెబుతూనే ఉన్నావుగా."

"నేనా? నేనేమన్నాను?"

"ఏమీ అనలేదు. అదే నేను చెప్పేది. టవలు వేస్తే అనలేదు. టీవీ అరిపిస్తే అనలేదు. ఆఖరికి మీ అమ్మనన్నాను. మీ అమ్మను! నిజమే అత్తయ్యా అంటావా? ఇంతకంటే వేరే రిపోర్టు ఏం కావాలి నాకు?"

మొహాన్ని కాపాడుకున్నాననుకున్నాను. మొహం ఒక్కటే కాదు మనిషంటే. పదిమందికి పాఠాలు చెప్పేదాన్ని, ఇంట్లో నా నోరే నన్ను పట్టించింది.

"నేను చెప్పకూడదత్తయ్యా. నాకు తెలియదు కూడా. డాక్టరు చూడాలి."

"ఐతే చూడమను. నన్నెందుకే ఇలా నానబెడుతున్నావు? మా తమ్ముడు పోయినప్పుడు కూడా నువ్వు నాతో ఇంత మంచిగా లేవు. వారం తిరక్కముందే వచ్చి, ఏడ్చింది చాలు, లేచి తల దువ్వుకోండి, చూడలేకపోతున్నాం అన్నావు. నాకు ఒళ్లు మండింది. మండి లేచాను. ఇప్పుడు నువ్విలా మెత్తగా తయారైతే నేను దేన్ని పట్టుకుని లేవాలి?"

ఇక నా వల్ల కాలేదు. ఆవిడ ఒళ్లో తల పెట్టి ఏడ్చేశాను. ఆవిడ చెయ్యి నా వీపు మీద కాసేపు తట్టింది.

"కోటు మీద పడకు. తడిస్తే రేపు ఎలా ఇవ్వను?" అంది.

సోమవారం

మేడమ్ గది తాళం తీయకముందే వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. సంగతంతా చెప్పాను. బ్యాగు కూడా కింద పెట్టకుండా కంప్యూటరు ముందు కూర్చుంది.

"ఎక్కడ?"

చూపించాను. దగ్గరికి తెచ్చి, అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది.

"ఇది అన్యూరిజం కాదమ్మా. చూడు, గరాటులా ఉంది. కొసలోంచి సన్నటి నాళం ఎలా బయలుదేరుతోందో కనపడుతోందా? కొంతమందికి పుట్టుకతోనే మొదట్లో కాస్త వెడల్పుగా ఉంటుంది. దీంతో ప్రమాదమేమీ లేదు."

నాకు దణ్ణం పెట్టాలో, అక్కడే కూర్చుని నవ్వాలో తెలియలేదు. నాలుగు రోజులుగా నేను గరాటుకు భయపడి మా అత్తగారికి సేవలు చేశాను! అమ్మ మాట కూడా పడ్డాను! ఇంటికి వెళ్లగానే ఆ టవలు సంగతి తేల్చాలనుకుని లేచాను.

"కూర్చో. నేనింకా చూస్తున్నాను" అంది మేడమ్.

ఆవిడ పద్ధతే అంత. దొరికినా దొరక్కపోయినా ఒక్కో నాళాన్నీ మొదటి నుంచి చివరిదాకా పట్టుకుని వెళ్తుంది. ఎడమ పక్క అయిపోయింది. కుడి పక్కకు వచ్చింది. కంటి వెనక పుర్రె ఎముక దగ్గర ఆగింది. తెల్లటి ఎముక, పక్కనే తెల్లటి డై, రెండూ కలిసిపోయి ఒకటే ముద్దగా ఉన్నాయి. స్క్రీను మీద ఎముకను చెరిపేసింది. నాళం ఒక్కటే మిగిలింది, దాని పక్కన మిరియం గింజంత గుండ్రటి బుడగ. ఆ బుడగ మీద ఇంకో చిన్న మొటిమ.



"గురువారం ఎముకను తీసి చూశావా?" అంది మేడమ్.

"లేదు మేడమ్."

"ఎడమ పక్కది కనపడగానే ఇక చూడటం ఆపేశావు."

తల ఊపాను.

"అది అందరం చేసేదే. ఒకటి దొరికిందంటే కళ్లు పని అయిపోయిందనుకుంటాయి. నేను మాట్లాడేది దాని గురించి కాదు." కుర్చీ నావైపు తిప్పింది. "గురువారం నీకు అనుమానం వచ్చింది. ఇది ఇంకెవరి అత్తగారైనా అయితే నాకు ఫోన్ చేసేదానివా, కాదా?"

"చేసేదాన్ని."

"మరి?"

ఇంటి మనిషికి ఫైలు ముందుకు తోయకూడదనుకున్నాను అని చెప్పబోయాను. నోటిదాకా వచ్చాక ఆ మాట నాకే అబద్ధంలా వినపడింది. మేడమ్ చూస్తే నిజమైపోతుందని ఆగాను. అంతే. పరాయివాళ్లకు ఇచ్చే జాగ్రత్త కూడా ఇంటి మనిషికి ఇవ్వలేదు.

ఇంటికి వెళ్లి ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. ఈయన వాళ్లమ్మ పక్కకు జరిగి కూర్చున్నారు. ఆవిడ అంతా విని "అంటే నువ్వు ఏడ్చింది వేరేదానికన్నమాట" అంది.

బుధవారం

న్యూరో డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన విడమరిచి చెప్పాడు. అలాగే వదిలేసి అప్పుడప్పుడూ స్కాన్ తీసి చూసుకోవచ్చు. లేదా తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి, ఆ బుడగను వెంట్రుకంత తీగతో నింపి మూసేయొచ్చు. కాయిల్ అంటారు. ఇంట్లో ఇద్దరు ఇలాగే పోయారు కాబట్టి, బుడగ మీద మొటిమ ఉంది కాబట్టి, మూయడమే మంచిదని ఆయన ఉద్దేశం. అయితే ఆ పనిలోనూ ప్రమాదం లేకపోలేదు. తీగ పెట్టేటప్పుడే పగలొచ్చు, పక్షవాతం రావచ్చు. తక్కువమందికే, కానీ వస్తుంది.

ఈయన పాదం బల్ల కింద వెతుక్కుంటోంది. బ్రేకు దొరకడం లేదు.

ఆవిడ డాక్టరును వదిలేసి నావైపు తిరిగింది. "నువ్వు చెప్పు. రోజూ ఇన్ని తలలు చూస్తావు."

"చేయించుకుంటేనే మంచిదత్తయ్యా. మీరేం కంగారు పడకండి, మేమంతా ఉన్నాం."

"అలా ప్రేమగా చెబితే నాకు నమ్మకం కుదరదు" అంది.

బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. ఈయన మంచినీళ్లకు వెళ్లారు. ఆవిడ మోచేత్తో నన్ను పొడిచింది. "ఒకసారి తిట్టవే. కాస్త ధైర్యంగా ఉంటుంది."

ప్రయత్నించాను. నిజంగానే ప్రయత్నించాను. "మీకు బొత్తిగా బుద్ధి లేదత్తయ్యా" అన్నాను. ఆసుపత్రిలో పొగ తాగరాదు అని బోర్డు చదివినట్టు వచ్చింది.

"ఛీ, ఇదేం తిట్టు! నీకు అది కూడా రాకుండా పోయింది" అంది. ఇద్దరం నవ్వాం. నవ్వుతుండగానే ఆవిడ చెయ్యి నా చేతిని పట్టుకుంది. చల్లగా ఉంది. ఆవిడ భయం నాకు మొదటిసారి తెలిసింది.

"మా తమ్ముడిని ఎవరూ అడగలేదు, ఏం చేద్దామని" అంది. "నన్ను అడుగుతున్నారు. చేయించుకుంటాను."

మళ్లీ సోమవారం

లోపలికి తీసుకెళ్లారు.

సోమవారం, తర్వాత

బయటికి తెచ్చారు. కాయిల్ సరిగ్గా కూర్చుందట. ఈయన గోడవైపు తిరిగి ఏడ్చారు. నేను ఏడవలేదు. కళ్లు మండాయంతే.

కళ్లు తెరిచి నన్ను చూసింది. "పడుకోండత్తయ్యా, బాగా అయింది" అన్నాను, వీలైనంత మెల్లగా. నా మొహంలోకి కాసేపు చూసి కళ్లు మూసుకుంది. నమ్మినట్టు లేదు.

మంగళవారం

బట్టలు మార్చుకునే గదిలో ఉన్నాను. అక్షరాలు అడ్డదిడ్డంగా పడుతున్నాయి. అయినా రాయాలి.

ఇవాళ పొద్దున డ్యూటీలో ఉండగా వార్డు నుంచి ఫోన్ వచ్చింది. కాయిల్ పేషెంటుకు తలనొప్పి, వెంటనే తల స్కాన్ కావాలి, తీసుకొస్తున్నాం అని. పేరు అడగాల్సిన పని లేదు. నిన్న ఆసుపత్రిలో కాయిల్ పెట్టింది ఒక్కరికే.

ఆవిడ తమ్ముడు కూడా తలనొప్పి అనే కూలబడ్డాడు.

"నేను చేస్తాను, నువ్వు బయట కూర్చోమ్మా" అన్నారు నిదానం గారు. నేనే చేస్తానన్నాను. మేడమ్‌కు ఫోన్ చేశాను. ఈసారి ఫోన్ చేయడానికి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. స్ట్రెచరు వచ్చేసరికి మేడమ్ నా పక్క కుర్చీలో ఉంది.

ఆవిడను బల్ల మీదికి మార్చాం. మొహం పాలిపోయి ఉంది. తల కదలకుండా పట్టీ వేస్తుంటే నా మణికట్టు పట్టుకుంది.

"ఇది మా తమ్ముడికి వచ్చిన నొప్పేనా?" అంది.

"చూస్తాం అత్తయ్యా."

"చూశాక నువ్వు చెప్పవు కదా."

ఆ వేళ్లను ఒక్కొక్కటీ విడిపించుకుని ఇవతలికి వచ్చాను. ఈయన తలుపు బయట నిలబడి ఉన్నారు. తలుపు మూశాను.

డై లేని మామూలు స్కాను. క్షణాల్లో అయిపోతుంది. ఇన్నేళ్లలో అంత పొడుగు స్కాను నేను తీయలేదు. ఫొటోలు ఒకటొకటిగా వచ్చాయి. కుడి కంటి వెనక కాయిల్ ఉన్నచోట నక్షత్రంలా తెల్లటి చారలు. రక్తం కూడా తెల్లగానే కనపడుతుంది. లోహం మీద అలా చారలు వస్తాయని నాకు తెలుసు, నేనే అందరికీ చెబుతాను. అయినా ఆ తెలుపు తప్ప నాకు ఇంకేమీ కనపడలేదు. అక్కడే ఆగిపోబోయాను. ఆగకుండా కిందికి జరిపాను. ఎడమ పక్క చూశాను. వెనక చూశాను. మడతలన్నీ చూశాను. ఆ మడతల సందులన్నీ నల్లగా, శుభ్రంగా ఉన్నాయి.

మేడమ్ నా కంటే నెమ్మదిగా చూసింది. ఒకసారి చివరిదాకా వెళ్లింది, మళ్లీ మొదటికి వచ్చింది.

"రక్తం లేదు" అంది. "ఎక్కడా లేదు. కాయిల్ ఉన్నచోటే ఉంది. కాయిల్ పెట్టాక కొందరికి ఇలా తలనొప్పి వస్తుంది, మందుకు తగ్గిపోతుంది. ఉండు, నేను లోపలికి వెళ్లి ఆవిడకు చెబుతాను."

మేడమ్ లేచింది. సరిగ్గా అప్పుడే లోపల ఆవిడ ఒక చేత్తో పట్టీ లాగేసి, తల పైకెత్తి, అద్దంలోంచి నా మొహంకేసి చూస్తోంది. నిన్న తొడలో గొట్టం పెట్టించుకున్న మనిషి, బల్ల అంచు పట్టుకుని లేవబోతోంది.

మైకు బటన్ నొక్కాను. "కాస్త ఓపిక పట్టండత్తయ్యా" అందామనే నొక్కాను. ఒట్టు.

"ఏంటండీ అది! చెబితే వినరా మీరు? ఎన్నిసార్లు చెప్పాలి తల కదపొద్దని? అందరినీ పొద్దున్నే హడలగొట్టి ఇక్కడిదాకా ఉరికించారు, ఇప్పుడు బల్ల మీంచి పడి నడుం కూడా విరగ్గొట్టుకుంటారా? ఆ నడుం పట్టుకుని ఎవరు కూర్చుంటారు, నేనేనా? నాకింకేం పన్లేదా? పడుకోండి ముందు! పడుకోండంటున్నానా!"

నిదానం గారి చేతిలో పెన్ను కింద పడింది. మేడమ్ తలుపు దగ్గరే నిలబడిపోయింది. గొంతు నాదే, అంత గట్టిగా ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకే తెలియదు. కళ్లలోంచి నీళ్లు కారి కీబోర్డు మీద పడుతున్నాయి, నోరు మాత్రం ఆగడం లేదు.

లోపల ఆవిడ నన్ను చూస్తూ ఉండిపోయింది. తర్వాత మెల్లగా వెనక్కి వాలి తల దిండు మీద పెట్టుకుంది. గుప్పిట బిగించిన చేతులు రెండూ విప్పి పొట్ట మీద వేసుకుంది.

స్పీకర్లోంచి ఆవిడ గొంతు వినిపించింది.

"హమ్మయ్య" అంది.